గుండ్రటివి

అత్తగారు అల్మాకన్ ఇంట్లో కోడలిగా అడుగుపెట్టిన రోజే బురుల్ నోటికి ఆపిల్ దూరమైంది. కిర్గిజుల మాటలో ఆపిల్ అంటే అల్మా. అత్తమామల పేర్లు కోడలు పలకరాదు, ఆ పేరు తగిలే మాట కూడా పలకరాదు. సరస్సు ఒడ్డున, ఎటు చూసినా ఆపిల్ తోటలే ఉన్న ఊళ్లో పాపం ఆ పిల్ల వాటిని ‘గుండ్రటివి’ అంటూ నెట్టుకొచ్చింది. కోయడానికీ మోయడానికీ మాత్రం ఏ నిషేధమూ లేదు.

పండ్లను సీసాల్లో నిలవపెట్టడం పక్కింటి రష్యన్ ముసలమ్మ తైసియా దగ్గర నేర్చుకుంది. సీసాను మరిగే కెటిల్ మూతి మీద బోర్లించి ఆవిరి పట్టించాలి. తొక్క చిట్లకుండా పండును సూదితో పొడవాలి. వేడి పాకం పోసి, రేకు మూత బిగించి, తలకిందులు చేసి బొంత కప్పాలి. మొదటి ఏడు సగం సీసాలు పగిలాయి, మిగతావి పొంగాయి.

"సీసాలో పండు, గోరీలో శవం, రెండూ ఒకటే," అంది అల్మాకన్. "చక్కెరంతా తగలేశావు కదే!"

"వచ్చే ఏడు కుదురుతుంది అత్తా."

"కుదురుతుంది, నీ మొహంలా."

కుదిరింది. చేతులు కాల్చుకుని కాల్చుకుని పట్టు సాధించింది. నడి చలికాలంలో మూత తీస్తే పండు తొడిమతో సహా అప్పుడే కోసినట్టుండేది. గోరీ అన్న అత్తగారే చుట్టాలకు వడ్డిస్తూ, "నేను పెట్టిందే, రుచి చూడండి," అనేది. ఎవరో ఒకరు ఒక్కసారి ‘ఇది బురుల్ చేసింది’ అంటే చాలనుకుంది కోడలు. అంతకు మించి ఆశ లేదు.

ఊళ్లో ఆడవాళ్లకు నిలవ పండ్ల పోటీ పెట్టినప్పుడు తైసియా పోరు పెడితే సీసా పట్టుకుని వెళ్లి నిలబడింది. పట్నంలో పెరిగిన అధికారిణి వచ్చింది. "ఏంటమ్మా ఇందులో?" అని అడిగింది. ఎదురుగా అత్తగారు, వెనక మామగారి అన్నదమ్ములు.

"గుండ్రటివండీ."

"గుండ్రటివంటే? బంగాళాదుంపలా?"

జనం గొల్లుమన్నారు.

"చెట్టుకు కాస్తాయండీ... ఎర్రగా..."

అల్మాకన్ ముందుకొచ్చి సీసా అందుకుంది. "అల్మా, తల్లీ. నేను పెట్టినవే. మా కోడలికి నోరు తిరగదు, ఏమనుకోకు."

కాదనాలంటే నలుగురిలో అత్తను అబద్ధాలకోరును చెయ్యాలి. బురుల్ తల వంచుకుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరూ ఊరుకుంది. బహుమతిగా ఇచ్చిన ఉన్ని శాలువా అత్తగారి భుజాలెక్కింది. ఈ మర్యాదలు కనిపెట్టిన మహానుభావుడికి మంచి తిండి దక్కకుండా పోను!

ఏళ్లు గడిచి అల్మాకన్ పోయింది. కర్మకు వచ్చినవాళ్లకు బురుల్ తన సీసాలే తెరిచింది. "ఇంక ఇలాంటి పండు ఎవరు పెడతారే!" అని ఆడవాళ్లు శోకాలు పెట్టారు. బురుల్ తన మొగుడు జుమాష్ వైపు చూసింది. కాలిన వేళ్లకు ఏటేటా వెన్న రాసినవాడు. ఈ రోజన్నా నోరు విప్పుతాడనుకుంది.

"అమ్మ చేతి రుచి అమ్మతోనే పోయింది," అని కళ్లు తుడుచుకుని గిన్నె చాపాడు. "ఇంకాస్త వెయ్యి."

ఆమె వడ్డించింది.

ఆ ఏడు తోట విరగకాసింది. బురుల్ ఒక్క సీసా కూడా కడగలేదు, పండ్లన్నీ పశువులకు వేసింది. ఎందుకు పెట్టలేదని ఇంట్లో ఎవరూ అడగలేదు. పెట్టే మనిషి పోయింది కదా.