బుగ్గమ్మ పూటబాకీలు

బుగ్గమ్మ లెక్కలో లోకంలో రెండే రకాల మనుషులు: తనకు బాకీ ఉన్నవాళ్లు, ఇంకా పుట్టనివాళ్లు. ఇబ్రహీంపట్నంలో సగం మందికి ఆమే మంత్రసాని. పురుడు పోసినందుకు చీర పెడతామంటే వద్దనేది. జొన్నలిస్తామన్నా వద్దనేది. బొడ్డు కోసిన చేత్తోనే బాలింతకు వేలు చూపించేది.

"గిప్పుడేమొద్దు బిడ్డా. నా కాళ్లు చేతులు ఆడనినాడు వీడు నాకో పూట బువ్వ పెట్టాలె. బాకీ!"

చేతులు వణకడం మొదలుకాగానే మంత్రసానితనం మానేసి వసూలుకు బయల్దేరింది. పూటకో ఇల్లు. మొహమాటమన్నది ఆమె ఇంటావంటా లేదు. దశరథ పెండ్లిపీటల మీద కూర్చుంటే తలంబ్రాల మధ్యలోకి తల దూర్చి, "కొడుకా, ఎల్లుండి నీ వంతు. కారం జర ఎక్కువెయ్యమని నీ పెండ్లానికి చెప్పు" అంది. పుట్టిన పాపానికి పన్ను కట్టాల్సి వస్తుందని దశరథ కలలో కూడా అనుకోలేదు.

ఇదంతా చూసి రామచంద్రయ్యకు ఒళ్లు మండేది. ఆయన జాగీరు కచేరీలో గంట కొట్టే కొలువు చేసి దిగిపోయిన మనిషి. భార్య పోయింది, పిల్లల్లేరు. నెలనెలా జాగీర్దారు పంపే వజీఫాయే ఆయనకు కొడుకూ కోడలూ.

"గడపగడపకు పోయి తినుడేందక్కా? నన్ను చూడు, కాలు మీద కాలేసుకున్నా వజీఫా ఇంటికొస్తది."

"నీకిచ్చేటోడు ఒక్కడు తమ్మీ. ఒక్క గుంజ మీద పందిరి నిలుస్తదా? నాకు ఊరంత గుంజలే."

అంతలో పాడుకాలం వచ్చి గుంజలన్నీ ఒక్కసారే కదిలాయి. లెవీ కింద గింజలు సర్కారుకు పోయాయి, మిగిలినవి రజాకార్లు ఊడ్చుకుపోయారు. శ్యామలమ్మ ఇంట్లో కుండలు బోర్లాపడ్డాయి. ఊళ్లో ఏ గొడవైనా కానీ, వంతు వంతే. బుగ్గమ్మ గుమ్మంలో హాజరు.

"అవ్వా, గింజ లేదే. పోరగాండ్లే పస్తున్నరు" అని శ్యామలమ్మ ఏడ్చింది.

"లేకుంటె నా బాకీ ఎట్ల తీరాలె? నడువు, నాగయ్య ఇంట్ల తింట. నీ ఇంట్ల గింజ లేదని ఆడ సాక్ష్యం చెప్పు. పోరగాండ్లను గూడ పట్టుకరా, ఒక్క సాక్ష్యం చాలదు!"

చెరువు కింద మళ్లున్న నాగయ్య కాస్త ధాన్యం గడ్డివాములో దాచుకున్నాడు. ఆయన పిల్లలంతా బుగ్గమ్మ చేతిమీద పుట్టినవాళ్లే. వచ్చిన సాక్షుల్ని ఉత్త కడుపులతో పంపడానికి నాగయ్య భార్యకు మనసొప్పలేదు.

ఆనాటి నుంచి సాక్షులు లేనిదే బుగ్గమ్మ భోజనానికి కదల్లేదు. గింజ ఉన్న ఇంటి మీదికి గింజ లేని ఇంటివాళ్లను వెంటేసుకుని వెళ్లేది. ఓ రోజు యోహాను సంసారం, ఓ రోజు ఈదమ్మా ఆమె ముసలి అత్తా. భూమి తగాదాలకు కూడా అంతమంది సాక్షులు రారు. రామచంద్రయ్య అరుగు మీద కూర్చుని, "ముసల్దానికి తిండియావ ముదిరింది" అని నవ్వుకునేవాడు.

పోలీసు యాక్షన్ అయింది. రజాకార్ల పీడ పోయిందని ఊరు ఊపిరి పీల్చుకుంది గానీ, ఖాళీ అయిన గాదెలు వెంటనే నిండలేదు. మరుసటేడు జాగీర్లు రద్దయితే రామచంద్రయ్య కూడా అందరితో పాటు సంబరపడ్డాడు. నెల తిరిగాక గానీ జాగీరుతో పాటే తన వజీఫా కూడా పోయిందని తెలియలేదు. కచేరీకి పోతే తాళం. జాగీర్దారు ఎటు పోయాడో చెప్పే దిక్కు లేదు.

బర్రెను అమ్ముకు తిన్నాడు. తర్వాత చెంబులు. అవీ అయిపోయాక తలుపేసుకుని పడుకున్నాడు. ఒకరి ముందు చెయ్యి చాచడం కన్నా చావడం మేలని ఆయన నిజంగానే అనుకున్నాడు.

రెండోనాడు తలుపు దబదబ మోగింది.

"రామచంద్రీ! ఇయ్యాల నీ వంతు!"

"నేను నీ చేతుల పుట్టలే. నాకు పిల్లల్లేరు. నేనేం బాకీ?" అన్నాడు లోపలి నుంచే.

"నువ్ కాదు, నీ బర్రె! కడుపుల దూడ అడ్డం తిరిగితె గుంజిందెవరు? బర్రె బాకీ నీది గాదా?"

రామచంద్రయ్యకు పౌరుషం పొడుచుకొచ్చింది. దానం పుచ్చుకునేవాడు కాదు గానీ, బాకీ ఎగ్గొట్టేవాడూ కాదు. తలుపు తీసి, "ఇంట్ల ఏం లేదక్కా" అన్నాడు. ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు.

"గదే మాట నాగయ్య ఇంట్ల చెప్పు. నడువు."

నాగయ్య ఇంట్లో జొన్న గటుక, పచ్చిపులుసు. నాలుగు ముద్దలు లోపలికి పోయాక రామచంద్రయ్యకు బుర్ర పనిచేసింది. తన బర్రెను సంతలో దూడతో సహా కొన్నాడు. తన కొట్టంలో అది ఒక్కనాడూ ఈననే లేదు!

"అక్కా," అన్నాడు గొంతు తగ్గించి, "బర్రెను దూడతోనే కొన్న గదా."

"ఎరుకే. పులుసు పోసుకో."

ఆయన పంక్తి వైపు చూశాడు. శ్యామలమ్మ పిల్లలు వేళ్లు నాకుతున్నారు. యోహాను తల వంచుకుని తింటున్నాడు. నోరు తెరిచి అడగలేని వాళ్లందరి తరఫునా ఈ ముసలమ్మ ఇన్నాళ్లూ సిగ్గు విడిచి అడుగుతోంది. తానేమో తిండియావ అన్నాడు. రామచంద్రయ్యకు ఆమె మీద ప్రేమ పొంగుకొచ్చింది. పులుసు ఘాటు మీదికి నెపం నెట్టి కండ్లు తుడుచుకుని, ఇంకో ముద్ద పెట్టించుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన తిన్నగా మల్లేశయ్య ఇంటికి పోయాడు. మల్లేశయ్య జాగీరులో గుర్రాలు కాసినవాడు. అతని వజీఫా కూడా పోయింది. రెండు రోజులుగా అతనూ తలుపు తీయడం లేదు.

"మల్లేశయ్యా, తలుపు తియ్! నువ్ నాకు బాకీ!"

"నేనేం బాకీ?" అంది లోపలి నుంచి నీరసపు గొంతు.

"నీ గుర్రం నా కొత్త రుమాలు నమిలింది, యాదికి లేదా?"

"గా గుర్రం సచ్చి ఎన్నేండ్లాయె!"

"గుర్రం సచ్చింది, బాకీ సావలే. ఇయ్యకుంటె దశరథ ఇంటికొచ్చి ఇయ్యలేనని సాక్ష్యం చెప్పు. జల్ది నడువు!"

రామచంద్రయ్య పుట్టి బుద్ధెరిగి తలకు రుమాలు చుట్టిన మనిషి కాదు. ఆ సంగతి మల్లేశయ్యకూ బాగా తెలుసు. అయినా కాసేపటికి లోపల గడియ తీసిన చప్పుడైంది.