పడవలో స్పీకర్లు, తప్పిన ఖిబ్లా

సర్వ స్తోత్రాలు అల్లాహ్‌కే. మనిషికి రెండు చెవులిచ్చి, ఒక మనసునిచ్చి, ఆ మనసులో మెదిలేది పక్కవాడికి వినిపించకుండా కప్పి ఉంచినవాడు ఆయనే. ఎదుటివాడి లోపల ఏముందో మనకు తెలియనివ్వలేదంటే అదీ ఆయన కరుణే. తెలియనిదాన్ని తెలిసినట్టు అల్లుకోవడం మాత్రం మన చేతిపని. ఆయన ప్రవక్తపై శాంతి, శుభాలు కురవాలి.

వరంగల్‌లో నాది కార్లకు, ఆటోలకు స్టీరియోలు బిగించే చిన్న దుకాణం. ఇరవై ఏళ్లుగా అదే పని. మా వాడ మసీదులో మైకు సెట్టు చూసుకునేది కూడా నేనే. మౌజన్ సాబ్ ఊళ్లో లేనప్పుడు నమాజ్‌కు పిలిచే అజాన్ ఇస్తాను. అందువల్ల మా వాడలో నా మాట నమ్ముతారు. అబద్ధం చెప్పడనే పేరుంది. ఆ పేరుతోనే నేను ఒక మనిషికి చెడ్డపేరు తెచ్చాను. అది ఎలా జరిగిందో చెబుతాను.

మొన్నటి వానాకాలంలో ఒక పెద్దాయన దుకాణానికి వచ్చారు. కాజీపేట మనిషి. రైలింజను నడిపి రిటైరయ్యారు. ప్లైవుడ్‌తో సొంతంగా తెరచాప పడవ చేసుకున్నారట. ఊరవతల రిజర్వాయర్‌లో నడుపుతారట. దానికి స్టీరియో కావాలన్నారు. మా దగ్గర తెరచాప పడవ ఉన్న మనిషిని నేను అంతవరకు చూడలేదు. అప్పుడే నాకు మొదటి అనుమానం పుట్టింది.

"పడవల పాటలెందుకు సార్?" అన్నాను.

"ఎందుకైతే నీకెందుకయ్యా. బిగిస్తవా, బిగియ్యవా?"

"బిగిస్త సార్. ఒక స్పీకర్ ఇటు, ఒకటి అటు."

"అటూ ఇటూ వద్దు. రెండూ కుడి దిక్కే వెట్టాలె, నేను కూసునే కాడ. సౌండు ఒడ్డుకు ఇనవడొద్దు."

స్టీరియో అంటేనే రెండు వైపుల నుంచి వచ్చే మోత. రెండూ ఒక పక్కనే పెట్టమన్నవాడు నాకు అంతవరకు తగల్లేదు. ఒడ్డుకు వినిపించకూడదని కూడా అన్నారు. నీళ్ల మధ్యకు పోయి, ఎవరికీ వినపడకుండా ఏం వింటాడు? తాగుడా, పేకాటా, ఇంకేమైనానా? మనసు ఇలా పోయింది. పని మాత్రం ఒప్పుకున్నాను.

మొదటి రోజు వైరింగు చేశాను. పడవ ఒడ్డున, బురదలో సగం ఎక్కించి ఉంది. ముక్కు దగ్గర బ్యాటరీకి ఒక డబ్బా చేసి, తీగలు నీళ్లు తగలకుండా ప్లాస్టిక్ గొట్టంలో వెనక్కి లాగాను. చుక్కాని దగ్గర ఆయన కూర్చునే చోట, కుడి పక్క పలకకు స్పీకర్ల కొలతలు తీసుకున్నాను. ఆ పలక మీదనే ఒక చిన్న దిక్సూచి బిగించి ఉంది. చలికాలం పొద్దున మంచులో ఒడ్డు కనబడదని పెట్టుకున్నారట.

మధ్యాహ్నం జొహర్ నమాజ్ వేళైంది. కొత్త చోటు, పైన మబ్బు, పొద్దు జాడ లేదు. మా బావ మక్కాకు ఉమ్రా యాత్ర పోయి తెచ్చిన తాళాల గుత్తికి ఖిబ్లా, అంటే నమాజ్‌లో ముఖం పెట్టాల్సిన కాబా దిక్కు, చూపే ముల్లు ఉంది. నేలంతా ఏటవాలు కాబట్టి దాన్ని పడవ పలక మీద చదునుగా పెట్టి చూశాను. చెరువు అవతలి నీళ్ల ట్యాంకు వైపు చూపింది. ఆ వైపే జానిమాజ్ పరిచి నమాజ్ చేశాను. తిరిగి వస్తూ ఆయనకు ఎడమ పక్కన నిలబడి, "నీళ్లేమన్న ఉన్నయా సార్?" అని అడిగాను. బదులు లేదు. మళ్లీ అడిగాను. తల కూడా తిప్పలేదు. జానిమాజ్ చేతిలో ఉన్న మనిషితో మాట్లాడ్డం ఇష్టం లేదు కాబోలు అనుకున్నాను.

రెండో రోజు పలకకు రెండు గుండ్రటి రంధ్రాలు కోసి, స్పీకర్లు దించి, చుట్టూ సిలికాన్ పట్టించాను. మధ్యలో చెరువు అవతలి ఊరి నుంచి సన్నగా అజాన్ వినిపించింది. నేను చేతిలో పని ఆపాను. ఆయన ఆపలేదు. తెరచాప కర్రకు మేకు కొడుతూనే ఉన్నారు. ప్రతి దెబ్బా నా తల మీద పడినట్టే అనిపించింది. నిన్నటిలాగే పలక మీద గుత్తి పెట్టి చూశాను. ముల్లు నీళ్ల ట్యాంకును వదిలేసి తాటిచెట్ల వైపు తిరిగింది. నిన్న నేను సరిగ్గా చూడలేదేమో అనుకొని తాటిచెట్ల వైపు నమాజ్ చేశాను. కానీ మనసు నిలవలేదు. పొద్దుటి నుంచి గుత్తి ఆ పలక మీదే పడి ఉంది. ఆయన కావాలనే ముల్లును ఏదో చేశారని, నేను తప్పు దిక్కుకు వంగుతుంటే వెనక నుంచి చూసి నవ్వుకుంటున్నారని, నుదురు నేలకు ఆనించి సజ్దాలో ఉండగానే అనిపించింది. సజ్దాలో రావలసిన ఆలోచనా అది?

ఆ సాయంత్రం మసీదులో, నమాజ్‌కు ముందు కాళ్లూ చేతులూ కడిగి వుజూ చేసే నల్లాల దగ్గర, నలుగురిలో అనేశాను. "కాజీపేట పెద్దమనిషి ఒకాయన మన నమాజ్‌తోటి ఆటలాడుకుంటాండు. నా ఖిబ్లానే తిప్పిండు." వాళ్లు "నిజమా?" అని కూడా అడగలేదు. అన్నది నేను కదా. ఒకాయన మాత్రం "గసుంటోని కాడికి ఎందుకు వోతానవ్ భాయ్?" అన్నాడు.

మూడో రోజు నేను పడవ దగ్గరికి చేరేసరికి ఆయన నా కోసమే కాచుకొని ఉన్నారు.

"ఏందయ్యా, నా దిక్సూచిని ఏం జేసినవ్? మంచిగున్నదాన్ని ఖరాబు జేసినవ్."

"నేనా? నా ఖిబ్లాను మీరు తిప్పలేదా సార్?"

"ఏంది? గట్టిగ చెప్పు."

"నా ముల్లును మీరే తిప్పిన్రు!" అని అరిచి, గుత్తిని ఆయన దిక్సూచి పక్కన పెట్టాను.

రెండూ చూశాం. రెండూ ఒకేలా తప్పాయి. ఆయన నా గుత్తి తీసుకొని, పడవ దిగి కట్ట వైపు నాలుగు అడుగులు నడిచారు. ముల్లు మెల్లగా కదిలి నీళ్ల ట్యాంకు వైపు వచ్చి ఆగింది. తిరిగొచ్చి స్పీకర్ పక్కన పెట్టారు. గిర్రున తాటిచెట్ల వైపు పోయింది.

ఆయన నా ముఖంలోకి చూశారు. "ఇరవయ్యేండ్ల సంది స్పీకర్లు బిగిస్తాన అంటివి. ఎనక అయస్కాంతం ఉంటదని యాదిలేదా ఉస్తాద్?"

రోజూ నా స్క్రూడ్రైవర్లు ఆ అయస్కాంతాలకే అతుక్కుంటాయి. కార్లలో, ఆటోలలో దిక్సూచి ఉండదు కాబట్టి నాకు ఆ తలపే రాలేదు. ఆయన పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"స్పీకర్లను ముంగటికి జరుపుత సార్," అన్నాను.

"వద్దు. నాకు ఇనవడది." కుడి చెవి పట్టుకొని చూపించారు. "ఇదొక్కటే పనిచేస్తది. ఎడమది ఇంజన్ కూతలకే పోయింది. మంది నడుమ చెప్పుకోను. చెప్తె ప్రతొక్కడు చెవుల కాడికొచ్చి ఒర్రుతడు."

నీళ్లు అడిగితే పలకకపోవడం, అజాన్ వేళ మేకులు కొట్టడం, రెండు స్పీకర్లూ కుడివైపే పెట్టమనడం. నేను రెండు రోజులు పోగేసుకున్న సాక్ష్యమంతా ఒక్క చెవిలో పడిపోయింది. స్పీకర్లను కదల్చకుండా, దిక్సూచిని తీసి తెరచాప కర్ర మొదట్లో బిగించాను. ముల్లు సరిగ్గా నిలబడింది. స్టీరియో వేయగానే వచ్చింది క్రికెట్ కామెంటరీ.

"ఇంట్ల టీవీ మా ఆమెది," అన్నారాయన.

నేను అనుకున్నది, మసీదులో అన్నది ఆయనకు చెప్పలేదు. నేరుగా, చిన్నప్పుడు నాకు ఖురాన్, దీన్ చదువు చెప్పిన హజ్రత్ దగ్గరికి వెళ్లి, జరిగిందంతా చెప్పి, తాటిచెట్ల వైపు చేసిన నమాజ్ సంగతి అడిగాను.

"దిక్కు తెలుసుకునెటందుకు కోషిష్ చేసినవ్ కద బేటా, నమాజ్ అయింది. దాని ఫికర్ జేయకు," అన్నారు హజ్రత్. "మరి గుమాన్ సంగతేంది? అల్లాహ్ హక్కును అల్లాహ్ మాఫ్ చేస్తడు. ఆ మనిషి హక్కును ఆ మనిషే చెయ్యాలె. ముందుగాల ఆడికి పో."

గుమాన్ అంటే చెడుగా అనుమానించడం. అది పాపమని ఎనిమిదేళ్ల వయసులోనే కంఠస్థం చేశాను. పెదాలతో నేర్చుకున్నది అక్కడే ఆగిపోయింది.

మర్నాడు చెరువుకు పోయాను. ఈసారి ఆయనకు కుడి పక్కన కూర్చున్నాను. అనుకున్నదంతా చెప్పాను. నల్లాల దగ్గర నలుగురికి చెప్పిన మాట కూడా దాచలేదు. ఆ మాట దగ్గర ఆయన ముఖం మారింది. తెరచాప తాడు ముడి విప్పి, మళ్లీ బిగించి కట్టారు. చెప్పకపోయినా సరిపోయేదేమో అని మళ్లీ నా మనసు జారబోయింది.

చివరికి అన్నారు. "నువ్వు అనుకున్నది ఎడమ చెవిల వడ్డది పో, నాకినవడలే. ఆ నలుగురి చెవులు మంచియే కద. ఆళ్లకు ఎవరు జెప్పాలె?"

"నేనే చెప్త సార్."

ఆ సాయంత్రం అవే నల్లాల దగ్గర నిలబడి, నేను చెప్పింది తప్పని, ఖిబ్లా తిప్పింది నా స్పీకర్లేనని చెప్పాను. ముగ్గురు విన్నారు. నాలుగోవాడు, "ఎందుకు వోతానవ్" అన్నవాడు, ఆరోజు రాలేదు. ఇంటికి పోయి చెబితే, "ఆయన నీ కస్టమర్ కాబట్టి అట్లంటానవ్," అన్నాడు. నా మొదటి మాటనే ఇంకా నమ్ముతున్నాడు.

ఇది చదువుతున్న మీరు ఏ దిక్కుకు చేతులెత్తేవారైనా సరే, నాతో పాటు ఒక్క దుఆ చేయండి. యా అల్లాహ్, మా గుండెలోని ముల్లును సరిచెయ్యి. అడగక ముందే తీర్పు చెప్పే పాడు బుద్ధి నుంచి మమ్మల్ని కాపాడు. ఆ నాలుగోవాడి మనసులో నేను నాటిందాన్ని నీవే పెరికెయ్యి, నా వల్ల కావడం లేదు. ఆమీన్ అనండి.