మూడు కుర్చీల ఉత్తరం

పోయిన గురువారం మధ్యాహ్నం మా అశోక్‌నగర్ అపార్ట్‌మెంటులో కరెంటు పోయింది. పోవడం వింత కాదు గానీ, కింద ఉన్న జనరేటరు కూడా మొరాయించింది. రెండు గంటలు గడిచి ఫోన్లన్నీ ఆరిపోయాక ఒక్కొక్కరే తలుపులు తీసుకుని కారిడార్‌లోకి వచ్చారు. ఎదురింటి అబ్బాయి, ఏడేళ్ళుగా ఎదురుబొదురు ఉంటున్నా నేను గొంతు సరిగ్గా విననివాడు, కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని కమలాపండు తొనలు ఒలిచి పెడుతున్నాడు. పక్కన అతని భార్య గోడకి చేరగిలబడి ఏమీ చేయకుండా కూర్చుంది. అది చూసి నాకు కాలు నిలవలేదు. లోపలికి వెళ్ళాను, మళ్ళీ వచ్చాను, మంచినీళ్ళు తాగాను, కిటికీ తీశాను, మూశాను. ఎనభై దాటినా ఈ జబ్బు నన్ను వదల్లేదు. ఎవరైనా భార్యాభర్తలు పిల్లల్ని దగ్గర పెట్టుకుని తీరిగ్గా కూర్చుంటే నాకు సంతోషమూ కలుగుతుంది, అక్కణ్ణించి పారిపోవాలనీ ఉంటుంది, రెండూ ఒకేసారి. అదెందుకో నా ఈడువాళ్ళతో చెప్పుకుంటే తప్పులేదనిపించింది.

పెళ్ళయి నేను కాపరానికి వచ్చింది చిక్కడపల్లిలో ఒక సందులోని అద్దె ఇంటికి. యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడ్డాక గోదావరి జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం మాది. ఉన్నవి నాలుగు గదులు, అత్తగారు, మావారు, ఇద్దరు మరుదులు, వీళ్ళు కాక ఉద్యోగం వెతుక్కోవడానికని, ఆసుపత్రిలో చూపించుకోవడానికని ఊరి నుంచి దిగే చుట్టాలు. మావారు నారాయణగూడలో ఒక కాలేజీలో లెక్కలు చెప్పేవారు. పొద్దున్నే సైకిలెక్కి అటు వెళితే, సాయంత్రం అక్కణ్ణించి అటే అశోక్‌నగర్‌లో ట్యూషన్లకి పోయి, ఇంటికొచ్చేసరికి వంటిల్లు కడిగేసి ఉండేది. కుళాయి వచ్చే వేళకి లేవడం, పొయ్యి మీదకి ఎక్కించడం, పొయ్యి మీంచి దించడం, ఇదే నా సంసారం. ఏడేళ్ళలో మేమిద్దరం పట్టుమని పది నిమిషాలు మాట్లాడుకున్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మాకు ఇద్దరు పిల్లలు పుట్టారంటే ఇప్పటికీ నాకు చోద్యంగానే ఉంటుంది.

అటువంటి ఇంటికి ఒకనాడు ఇథియోపియా నుంచి పిలుపు వచ్చింది. ఆ రోజుల్లో మనవాళ్ళు చాలామంది ఆ దేశానికి మేష్టర్లుగా వెళ్ళారు, మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. మావారికి రెండేళ్ళ ఒప్పందం. అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు, బాబుకి ఏడాదిన్నర. అమ్మాయికి నారాయణగూడలో ఒక మంచి బళ్ళో ఎంతో తిరిగితే సీటు దొరికింది. పరాయి దేశంలో ఎలాంటి బళ్ళుంటాయో ఏమో, చదువు పాడవుతుంది, పెద్ద మనవరాలు నా దగ్గర ఉంటుందిలే అన్నారు అత్తగారు. పెద్దపిల్లని నాయనమ్మ దగ్గర వదిలి వెళ్ళడం అప్పట్లో మా ఇళ్ళల్లో ఎవరికీ తప్పుగా తోచేది కాదు. నాకూ తోచలేదు, అదే ఇప్పుడు నన్ను తినేస్తోంది. సామాన్లు సర్దుకునే హడావిడిలో ఆ పిల్ల జడ కూడా నేను సరిగ్గా వేసి రాలేదు.

మేము దిగిన ఊరు రాజధానికి దక్షిణంగా బస్సులో అయిదారు గంటల దూరం. చుట్టూ కొండలు, నీలగిరి చెట్లు, పొద్దున్నా సాయంత్రం చలి. మొదటి నెలంతా నేను ఇంట్లో గిరగిరా తిరిగాను. వంట ముగ్గురికి, అదెంతసేపు? తొమ్మిదింటికల్లా పనైపోతే ఇక రోజంతా ఏం చేయాలో తెలిసేది కాదు. పక్కింటావిడ కాఫీకి పిలిచింది. పిలిచి, పచ్చి గింజలు కడిగి, బొగ్గుల మీద వేయించి, ఆ పొగ మా ముఖాల మీదికి విసిరి, దంచి, మట్టి కూజాలో కాచి, చిన్న గిన్నెల్లో పోసి, అది తాగాక రెండో విడత, ఆ తరవాత మూడో విడత ఇచ్చింది. మూడోది తాగకుండా లేస్తే మర్యాద కాదట. మనింట్లో నిలబడి గ్లాసు ఖాళీ చేసే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆరు నెలలు తిరిగేసరికి మూడోది అయ్యాక కూడా లేవబుద్ధి అయ్యేది కాదు.

మావారు నాలుగింటికల్లా ఇంటికి వచ్చేవారు. ట్యూషన్లు లేవు, చుట్టాలు లేరు, కుళాయి వేళలు లేవు. నీలగిరి కర్రతో మూడు కుర్చీలు చేయించారు, రెండు పెద్దవి, బాబుకి ఒక చిన్నది. వాటిని గుమ్మం ముందు వేసుకుని చీకటి పడేదాకా కూర్చునేవాళ్ళం. ఆయనకి వంకాయ కూర అంటే అసలు గిట్టదని పెళ్ళయిన ఎనిమిదో ఏట ఆ కుర్చీల్లో కూర్చుని తెలుసుకున్నాను. చిక్కడపల్లిలో కంచంలో ఏం పడితే అది మింగి పరిగెత్తినవారు మరి. చిన్నప్పుడు కాలవ గట్టు మీద పాటలు పాడేవారట, నాకోసం పాడి వినిపించారు, గొంతు బాగానే ఉంది. నేను సుఖపడ్డాను. దీన్ని తిప్పి చెప్పడం నాకు చేతకాదు. నిద్ర పట్టబోయే ముందు అమ్మాయి గుర్తొచ్చి దిగ్గున లేచి కూర్చునేదాన్ని, ఆయన సముదాయించేవారు, తెల్లవారేది, మళ్ళీ కాఫీకి వెళ్ళేదాన్ని.

నెలకి రెండుసార్లు చిక్కడపల్లికి ఉత్తరం రాసేదాన్ని. అత్తగారు దిగులు పడకూడదని మా సుఖమంతా అందులో పోసేదాన్ని. కొండలు, కాఫీ, బాబు పరుగులు, మూడు కుర్చీలు, అన్నీ. అక్కణ్ణించి జవాబు ఎప్పుడూ ఒకటే వచ్చేది. అందరూ క్షేమం, అమ్మాయి బాగా చదువుకుంటోంది, మీ ఆరోగ్యం జాగ్రత్త.

అరవై తొమ్మిదిలో వానాకాలం సెలవులకి రెండు నెలలు ఇంటికి వచ్చాం. మావారి జేబులో ఇంకో మూడేళ్ళ ఒప్పందం కాగితం ఉంది, సెలవు ముగిసేలోగా సంతకం చేసి పంపాలి. ఈసారి అమ్మాయిని కూడా తీసుకెళ్ళిపోవాలని విమానంలోనే అనుకున్నాం. నలుగురం కలిసి ఆ గుమ్మం ముందు కూర్చోవడం తప్ప నాకు ఇంకో కోరిక లేదు.

రిక్షా దిగి ఇంట్లోకి వెళితే, తలకి రుమాలు కట్టుకున్న పిల్ల ఒకతె స్టీలు గ్లాసులతో మంచినీళ్ళు తెచ్చి, రెండు చేతులతో అందించి, "తీసుకోండి, అమ్మా" అంది. ఇంటికొచ్చిన వాళ్ళకి మంచినీళ్ళివ్వడం మా అత్తగారు మనవలకి నేర్పే మొదటి మర్యాద. నా కూతురు నాకు ఆ మర్యాద చేసింది. నేను గ్లాసు పుచ్చుకున్నాను, నీళ్ళన్నీ తాగేశాను.

రుమాలు కింద జుట్టు బొటనవేలంత కూడా లేదు. పేలు పడితే తీయించానన్నారు అత్తగారు. అసలు సంగతి మర్నాడు పెరట్లో గిన్నెలు తోమే ఆవిడ చెప్పింది. పాలమూరు నుంచి వచ్చి పక్క బస్తీలో ఉండేది, కల్లాకపటం తెలియదు.

"ఏందమ్మా, నీకు తెల్వదా? పోరికి టైఫాయిడ్ అయ్యింది గద. ఇరవై దినాలు మంచం దిగలే. బతుకుతదని మేమెవ్వలం అనుకోలే. పెద్దమ్మ రాత్రి పగలు దాని పక్కల్నే కూసున్నది."

బడి సంగతీ అప్పుడే తెలిసింది. ఆ ఏడు ఊళ్ళో ప్రత్యేక రాష్ట్రం గొడవలు జరిగి బళ్ళు నెలల తరబడి సరిగ్గా నడవలేదు. ఏ చదువు పాడవుతుందని పిల్లని వదిలి వెళ్ళామో ఆ చదువే లేదు. నేను ఎప్పుడూ అత్తగారి ఎదుట గొంతెత్తినదాన్ని కాను, ఆ రోజు ఎత్తాను. ఒక్క ముక్క రాయలేదేమని నిలదీశాను. ఆవిడ బియ్యంలో మట్టిగడ్డలు ఏరుతున్నారు, చేట పక్కన పెట్టలేదు.

"రాస్తే ఏం చేసేదానివే? ఉత్తరం చేరేసరికి జ్వరం తగ్గడమో, పిల్ల పోవడమో ఏదో ఒకటి అయ్యుండేది. మీరు సుఖంగా ఉన్నారని రాస్తివి. మీ సుఖం చెడగొట్టి నేనేం బాగుపడతాను?"

దూరాన ఉన్నవాళ్ళకి చెడ్డ కబురు రాయకపోవడం ఆవిడ దృష్టిలో ప్రేమ. ఆవిడకి దిగులు కలిగేది రాయకపోవడం నా దృష్టిలో ప్రేమ. ఇద్దరం పోటీలు పడి ప్రేమించుకున్నాం, మధ్యలో ఆ పిల్ల ఉంది. ఎందుకంటే నా ఉత్తరం వచ్చిన ఆదివారం అత్తగారు వసారాలో కూర్చుని అందరికీ చదివి వినిపించేవారట. మంచం మీద ఉన్న రోజుల్లో కూడా అమ్మాయి విన్నది. అమ్మా నాన్నా తమ్ముడూ ఎంత హాయిగా ఉన్నారో అక్షరం పొల్లుపోకుండా దానికి కంఠతా వచ్చు.

ఆ సాయంత్రం మావారు దాన్ని దగ్గరికి పిలిచి, మాతో వస్తావా అని ముద్దుగా అడిగారు. అది వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.

"అక్కడ మూడు కుర్చీలేగా ఉన్నాయి. నేనొస్తే ఎవరు నించుంటారు?"

వెళ్ళగానే నాలుగోది చేయిస్తానని ఆయన ఎంతో ఉత్సాహంగా చెప్పారు, ఎంత ఎత్తు కావాలో కొలిచారు కూడా. సరే అని తలూపింది, గానీ అది చుట్టాలింట్లో ఇంకో గారె వడ్డించనా అంటే ఊపినట్టు ఊపింది. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

అప్పట్లో పిల్లల ఫొటో తల్లితో కలిపి పాస్‌పోర్టులో వేసేవారు. నారాయణగూడ చౌరస్తా దగ్గర ఒక స్టూడియోకి వెళ్ళాం. అత్తగారు వస్తేనే వస్తానంది అమ్మాయి, ఆవిడా వచ్చారు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, పిల్లని పక్కన నిలబెట్టమన్నాడు ఫొటోగ్రాఫరు. అది అత్తగారి కొంగు వదల్లేదు. ఏడవలేదు, మారాం చేయలేదు. సూదిమందు వేయించుకోవడానికి వచ్చిన పిల్లలా పళ్ళు బిగపట్టి, కొంగు మటుకు పిడికిట్లో బిగించి నిలబడింది. అతను నల్లగుడ్డ కిందనుంచి తల బయటికి తీసి, విసుక్కోకుండానే అన్నాడు.

"పెద్దమ్మా, మీరు జర ఇడిపించుకుని అవతలికి జరుగుండ్రి. పాప వాళ్ళమ్మ దగ్గరికి పోనియ్యుండ్రి."

అత్తగారు ఒక్కొక్క వేలే విడదీయడం మొదలుపెట్టారు. అప్పుడే నాకు తెలిసింది, నేను ఈ పిల్లని తీసుకెళ్ళగలను, దాన్ని కుర్చీలో కూర్చోబెట్టగలను, అది కూర్చుంటుంది కూడా, మర్యాద తెలిసిన పిల్ల గనక. కానీ ఈ వేళ్ళు విడదీసినందుకు నేనెప్పటికీ దానికి అమ్మని కాను. స్టూలు మీంచి లేచాను. ఫొటో వద్దన్నాను.

హిమాయత్‌నగర్ వైపు కాసేపు ఊరికే నడిచాం, మావారూ నేనూ, బాబుని ఎత్తుకుని. అత్తగారినీ అమ్మాయినీ ముందే రిక్షా ఎక్కించాం. ఇక ఆ దేశం నేను రానని చెప్పాను. ఆయన రెండు రోజులు ఆ ఒప్పందం కాగితం జేబులోంచి తీయడం, మళ్ళీ మడిచి పెట్టుకోవడం. మూడో రోజు ఆ కాగితం వెనక్కి పంపేసి, సైకిలుకి గాలి కొట్టించుకుని పాత కాలేజీకి వెళ్ళి కనబడి వచ్చారు. నెల తిరక్కుండానే అశోక్‌నగర్ ట్యూషన్లు మొదలయ్యాయి. చుట్టాలు దిగారు. వంకాయ కూర వండితే ఆయన మళ్ళీ మాట్లాడకుండా తినేవారు, నేనే వండడం మానేశాను.

ఇక్కడ ఒక సిగ్గుమాలిన సంగతి చెప్పాలి. ఉండిపోయింది నేను, నా ఇష్టంతోనే. అయినా ఏళ్ళ తరబడి ఆ ఎనిమిదేళ్ళ పిల్ల మీద నాకు లోలోపల కోపం ఉండేది. దాని జడ వేస్తూ గట్టిగా లాగేదాన్ని. దాన్ని బడికి తరిమేదాన్ని, పాఠం తరవాత పాఠం, హిందీ పరీక్షలు, టైపు, ఒక్క క్షణం ఊరికే కూర్చోనిచ్చేదాన్ని కాదు. నా సాయంకాలాలన్నీ నీకిచ్చాను, కాస్త పైకి రా అన్నట్టు. ఎప్పుడో ఒకరోజు మీరు అనడం మాని నన్ను మళ్ళీ నువ్వు అని పిలవడం మొదలుపెట్టింది, ఆ రోజేదో నేను గమనించలేదు, అంత పనిలో ఉన్నాను. మావారు రిటైరయ్యాక తీరిగ్గా కూర్చుందామనుకున్నాం గానీ, అప్పటికి ఆయనకి కూర్చోవడం చేతకాకుండా పోయింది, నాకూ అంతే. గడియారం చూసుకుంటూ వసారాలో పచార్లు చేసేవారు. అలాగే వెళ్ళిపోయారు.

ఇప్పటివాళ్ళని చూస్తే నాకు అసూయ. ఏ దేశంలో ఉన్నా పొద్దుటా సాయంత్రం ముఖాలు చూసుకుంటున్నారు. పిల్లకి దగ్గొస్తే భూగోళానికి అవతల ఉన్న తల్లికి తెలుస్తుంది. మా ఉత్తరాల్లాంటి ఉత్తరాలు ఇక ఎవరూ రాయలేరు, మంచిదే.

మూడేళ్ళ కిందట మా అమ్మాయి బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరైంది. గాంధీనగర్‌లోనే ఉంటుంది, దానికీ మనవలున్నారు. ఇకనన్నా పరుగులు మాని తీరిగ్గా ఉండవే అన్నాను. నవ్వింది.

"తీరికంటే ఎలా ఉంటుందో నాకు ఒక్కసారే తెలుసమ్మా. మీరు లేని రెండేళ్ళూ. చివరి ఏడు గొడవలని బడి లేదు, చుట్టాలు రారు, జ్వరం పడ్డానని ఎవరూ ఏమీ అనరు. మామ్మ బియ్యం ఏరుకుంటూ కూర్చునేది, నేను ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని పడుకునేదాన్ని. అలా ఎన్ని గంటలో. నువ్వొచ్చాక మళ్ళీ పరుగు మొదలైంది."

దెప్పిపొడుపుగా అనలేదు, మామూలుగా అంది. అని, మనవణ్ణి బడి నుంచి తీసుకురావాలని లేచి వెళ్ళిపోయింది. నేను అలాగే కూర్చున్నాను. యాభై ఏళ్ళుగా దానికోసం ఏదో వదిలేశానని లోపల లెక్క వేసుకుంటూ వచ్చాను, అది నాకోసం ఏం వదిలిందో ఒక్కనాడూ అడగలేదు. మా తల్లీకూతుళ్ళకి జీవితంలో తీరిక దొరికింది ఆ రెండేళ్ళే. ఆ రెండేళ్ళూ నేను దాని దగ్గర లేను, నా లోటు దానికి తెలియనూ లేదు.