కట్టలో లేత రంగులు

అది మొదలైంది మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకు. ఫోన్‌లో ప్రతి మెసేజ్ కింద సమయం ఉంటుంది కాబట్టి ఇందులో నాకు అనుమానం లేదు. మున్సిపల్ ఎన్నికల ప్రచారం నడుస్తున్న వారం.

మా వాట్సాప్ గ్రూపులో ఎనిమిది మందిమి, అందరం లంగాలు కుట్టేవాళ్లమే. జగిత్యాలలో నలుగురం, రాయికల్‌లో ముగ్గురు, కోరుట్లలో ఒకామె. సిరిసిల్లలో మాకు బట్ట ఇచ్చే సేటు విడి తాన్లు అమ్మడు. పన్నెండు తాన్ల కట్ట మొత్తం తీసుకోవాలి. ఎనిమిది ముదురు రంగులు, నాలుగు లేతవి, ఏరుకోవడం కుదరదు. ముదురువి మేం ఏడుగురం పంచుకునేవాళ్లం. లేతవి నాలుగూ కోరుట్ల ఆమెవి. ఆమె పంజాబీ డ్రెస్సులు కూడా కుడుతుంది, లోపలి అస్తరుకు లేత బట్టే కావాలి. మా దగ్గర లేత లంగా అడిగేవాళ్లు లేరు. ఆమె లేకపోతే కట్ట మాకు గిట్టదు. మేం లేకపోతే ఆమెకు బట్టే అందదు. భర్త పోయాక ఆమె ఇల్లు ఆ కుట్టుమిషను మీదే నడుస్తున్నది.

ఆ మంగళవారం రాయికల్ ముగ్గురిలో ఒకామె ఒక వీడియో పెట్టింది. కోరుట్లలో ఒక తురకాయన దుకాణంలో మనవాళ్లకు సామాను అమ్మడం లేదని అందులో ఉంది. కోరుట్ల ఆమె జవాబుగా గొంతు రికార్డు చేసి పంపింది.

"చెల్లె, గది మా గల్లి దుకాణమే. గాయన కాలు ఇరిగి ఆరు నెలల సంది షట్టరే లేవలే. ఇంక ఎవలకు అమ్ముతడు?"

"నువ్వు గట్లనే అంటవ్ తియ్యి. మీ వాళ్లను ఇడిశిపెడ్తవా?"

కోరుట్ల ఆమె ముస్లిం అన్న సంగతి అప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు; 'మీ వాళ్లు' అనే మాట ఆ గ్రూపులో వినడం నాకదే మొదలు. రాత్రికల్లా ఇంకో మాట వచ్చింది: "రేపటి సంది అందరు పేరు పక్కన జెండా పెట్టుండ్రి. ఎవలేందో తెలువాలె." తెల్లారేసరికి ముందు పార్టీలు, తర్వాత దేవుళ్లు, ఆ తర్వాత కులాలు వచ్చి పేర్ల పక్కన కూర్చున్నాయి. కోరుట్ల ఆమె కత్తెర బొమ్మ పెట్టింది.

"కత్తెరేందే? ఎవల్ని కోద్దామని?"

"లంగాలు కోస్తనమ్మా, ఇంకేం కోస్త?"

నేనేమీ పెట్టలేదు. "ఓటు పర్దా ఎనుక ఏస్త. గిక్కడ అందరి ముంగట ఎందుకు చెప్పాలె?" అన్నాను. గ్రూపులో నన్ను పెద్దమ్మ అని పిలుస్తారు; "పెద్దమ్మ ఆమె తరఫే" అన్నారు. ఖాళీగా ఉంచడం కూడా ఒక జెండా అయింది.

శనివారం ఆరుగురు వెళ్లిపోయి వేరే గ్రూపు పెట్టుకున్నారు. నాకు ఫోన్ చేశారు.

"నువ్వు రా పెద్దమ్మా. ఆమెను తోలుకరాకు."

"మరి లేతయి ఎవలకు?"

"ఎవలకో ఒకలకు అంటగడ్తం తియ్యి."

నేను పోలేదు. వాళ్లు ఒక కట్ట తెచ్చుకున్నారు. లేత తాన్లు కదలలేదు. రెండో కట్ట తేలేదు.

మేమిద్దరం కట్ట మోయలేం. సిరిసిల్ల పోయి సగం కట్ట ఇమ్మని అడిగాను. సేటు చెడ్డవాడేం కాదు. "అమ్మా, కట్ట ఇప్పితె మిగిలింది నేనేం జేసుకోవాలె?" అన్నాడు. ఆ మాట చెప్పడానికి కోరుట్ల పోయేసరికి రెండు నెలలు దాటింది. అప్పటిదాకా ఆమె అక్కడి దుకాణంలోనే అస్తరు బట్ట మీటర్ల లెక్కన కొన్నది. కుట్టుకూలి అందులోనే పోయింది.

మిషను ఉండే మూలలో బియ్యం బస్తా ఉంది.

"అమ్మిన అక్కా. రెడీమేడ్ దుకాణంల పనికి పోతున్న. వాళ్ల మిషినే, వాళ్ల దారమే. తలకాయ వంచి కుట్టుడే." చాయ్ నా చేతికిచ్చి అన్నది: "నువ్వన్న ఏదో ఒక జెండా పెట్టుకుంటె అయిపోవు గదా. నీకన్న బట్ట దొరుకు."

చాయ్ తాగి బస్సెక్కాను.

పోయినవి ఇవి. ఎనిమిది మంది గ్రూపు ఒకటి. నెలకొక కట్ట. ఆరుగురితో మాట. రాయికల్‌లో అటక మీద మాసిపోతున్న లేత తాన్లు నాలుగు. కోరుట్లలో కుట్టుమిషను ఒకటి.