రెండు పెన్సిల్ సెల్లులు, మా నాన్న వేలు

ఆ రోజుల్లో, అంటే తొంభైల మధ్యలో, భిలాయిలో ఏ వస్తువుకైనా గౌరవం దాని బరువును బట్టే ఉండేది. ఉక్కు కరిగించే ఊరు కదా, నలుగురు కలిసినా కదపలేనిదాన్ని మాత్రమే మావాళ్లు మిషను అనేవారు. అలాంటి ఊళ్లో నేను డిప్లొమా పూర్తి చేసి, హథ్‌ఖోజ్‌లో ఓ చిన్న కార్ఖానాలో చేరి, అగ్గిపుల్లలో సగం పొడుగైనా లేని చిప్పుతో కుస్తీ పట్టేదాన్ని. మా యజమానిని చష్మా సాబ్ అనేవాళ్లం (కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని టేబులంతా వెతికే మనిషి). కుమ్హారి వైపు బంగాళాదుంపల కోల్డ్ స్టోరేజీ వాళ్లు ఆయనకో పని చెప్పారు. లోపల చలి ఎంతుందో పది నిమిషాలకోసారి రాసిపెట్టుకునే పెట్టె కావాలి, తీగలుండకూడదు, రెండు పెన్సిల్ సెల్లుల మీద నెల రోజులు నడవాలి. "ఏక్ మహీనా, బేటీ. బీచ్‌మే బంద్ హువా తో ఆర్డర్ గయా," అన్నారు సాబ్. నెలలోపల మధ్యలో ఆగిందా, ఆర్డరు పోయినట్టే. దాంతోపాటు నన్ను పర్మనెంటు చేసే మాట కూడా పోతుందని ఆయన అనలేదు, నాకే తెలుసు.

ఆ చిప్పు గొప్పతనమంతా ఏ పనీ చెయ్యకుండా ఉండటంలోనే ఉంది. లోపలున్న టైమరు ఒక్కటే లెక్కపెట్టుకుంటూ ఉంటుంది, మిగతా చిప్పంతా పడుకుంటుంది. టైమరు లేపగానే లేచి, చలి చూసి, సెల్లులు అయిపోయినా చెరగని మెమరీలో రాసి, మళ్లీ పడుకుంటుంది. పెట్టె మీద ఒక బటన్ కూడా పెట్టాను. నొక్కితే ఎర్ర అంకెలు రెండు నిమిషాలు వెలుగుతాయి (సాబ్‌కి కళ్లజోడు దొరకాలంటే ఆ మాత్రం టైము కావాలి). ఆ అంకెలు సెల్లుల్ని గటగటా తాగేస్తాయని తెలుసు. అయినా రోజుకి రెండుసార్లు కంటే ఎవరు నొక్కుతారులే అనుకున్నాను. చిప్పును ప్రతిసారీ లేపింది టైమరా, బటనా అన్నది కూడా రాసుకునేలా ప్రోగ్రాం రాసి, నాకు నేనే తెగ మురిసిపోయాను.

కార్ఖానాలో వెల్డింగు గోల ఎక్కువని పరీక్షకి పెట్టెను సెక్టర్ 2లో మా క్వార్టరుకి తెచ్చి, ముందు గదిలో అలమరా మీద పెట్టాను. మా నాన్న రోలింగ్ మిల్లులో చార్జ్‌మన్. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇరవయ్యేళ్లయినా మాట మారలేదు. నాకు ఫస్టు క్లాసు వచ్చిందంటే "ఊఁ" అని పేపర్లో తల దూర్చిన మనిషి. పెట్టె చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి అడిగాడు.

"ఏటిది? లైటు లేదు, సప్పుడు లేదు. బతికే ఉందా?"

"ఉంది నాన్నా. కావాలంటే ఈ బటన్ నొక్కి చూడు."

ప్లాంటులో డ్యూటీ ఎక్కగానే ప్యానెల్ మీద బటన్ నొక్కి దీపాలన్నీ వెలుగుతున్నాయో లేదో చూడటం ఆయనకి అలవాటు. ఆ మనిషికి నేనే బటన్ చూపించానంటే నా తెలివి చూడండి!

పన్నెండో రోజున పెట్టె చచ్చింది. తప్పు ప్రోగ్రాంలోనే ఉందని రెండు రోజులు తిండి మానేసి కాగితాలు తిరగేశాను. సాబ్ నిట్టూర్చారు, అది తిట్టుకన్నా ఎక్కువ గుచ్చుకుంది. చివరికి మెమరీ చదివితే టైమరు ఒక్క నిమిషం కూడా తప్పలేదు. బటన్ లెక్క మాత్రం రెండు వందల ముప్పై ఆరు!

సాయంత్రం ఇంటికొచ్చి నిలదీశాను. "నాన్నా, ఆ బటన్ ఎన్నిసార్లు నొక్కావు?"

"ఒకట్రెండు సార్లు..."

"రెండు వందల ముప్పై ఆరు!"

"ఓర్నాయనో, అదీ రాసీసుకుందా?"

నేను ఏడుపు మొదలెట్టాను. నా ఉద్యోగం నువ్వే తీసేశావన్నాను. ఆ గోల విని పక్క క్వార్టరు పిన్ని వచ్చింది.

"మీ నాన్ననేటీ అనకమ్మా. మా ఆయన్ని టీ తాగనీకుండా లాక్కొచ్చి సూపించినాడు. ఆ షిఫ్టు జనం, ఈ షిఫ్టు జనం, ఆకరికి పాలబ్బాయి బయ్యా కూడా. 'మా పిల్ల సేసింది, సూడండి' అని ఒకటే నొక్కుడు!"

నాన్న నా వైపు చూడకుండా చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు. నా ఏడుపు ఎక్కడ ఆగిందో నాకే తెలీదు. నాకెంత సంతోషం వేసిందంటే, కోపంగా ఉండటానికి చాలా కష్టపడాల్సి వచ్చింది.

సాబ్‌కి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన పడీ పడీ నవ్వి, ఇంకో నెల గడువు అడిగి తెచ్చారు. అంకెలు మూడు సెకన్లే వెలిగేలా మార్చాను. నాన్నకి మాత్రం బటన్ ముట్టుకోవద్దని ఒట్టు పెట్టాను. జనాన్ని తేవడం మానలేదు గానీ, చేతులు వెనక్కి కట్టుకుని, "ముట్టుకోకండి, నోపల పని జరగతంది," అని గొంతు తగ్గించి చెప్పేవాడు.

ముప్పయ్యో రోజు దాటింది. పెట్టె బతికే ఉంది. "ఇప్పుడు నొక్కు నాన్నా," అన్నాను. ఆయన చేతులు తుడుచుకుని మరీ నొక్కాడు. అంకెలు వెలిగి, ఆరిపోయాయి.

ఆర్డరు వచ్చింది, నేను పర్మనెంటు అయ్యాను. ఆ తర్వాత ఏళ్ల తరబడి నడిచే పెట్టెలు చాలానే చేశాను. సెల్లు కాస్త కూడా వృథా కాకూడదని కన్నతండ్రికి ఒట్టు పెట్టిన ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. ఎందుకంటే ఆ రోజు అంకెలు ఆరిపోయాక నాన్న వేలు తియ్యకుండానే నన్నడిగాడు: "ఇంకొక్కసారి నొక్కీనా?"