రెండో బెల్లం అచ్చు

గ్రేటర్ నోయిడా బస్సులో నా పక్కన కూర్చున్న ఆంటీ మెడలో సిలువ, ఒళ్లో బైబిలు సంచి ఉన్నాయి. చూపు మాత్రం నా సంచి మీదే. అందులో ఇంట్లో బీరు తయారుచేసుకునే కిట్టు, దాంట్లో అదనంగా వేద్దామని కొన్న అల్లం, యాలకులు, రెండు బెల్లం అచ్చులు ఉన్నాయి.

నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విన్నట్టుంది. "ఇయ్యన్నీ దేనికి బాబూ?" అంది.

"పానకంలోకి ఆంటీ."

ఆవిడ నా సంచిలోంచి, కిట్టుతో వచ్చిన, బీరు పులియడానికి వేసే ఈస్టు పొట్లం తీసి చూసి, మళ్లీ లోపల పెట్టేసింది. మా ఇంట్లోవాళ్లకు తెలిసినావిడేమోనని సంచి కాస్త నా వైపు లాక్కున్నాను.

దిగబోతూ ఒక బెల్లం అచ్చు తీసి తన బైబిలు సంచిలో వేసుకుంది.

"రెండూ ఏస్తే సీసాలు పేలిపోతాయి."

అప్పట్నుంచీ ఒక్క అచ్చే వేస్తున్నాను. ఇంతవరకు ఏ సీసా పేలలేదు. రెండోది ఆవిడ దేంట్లో వేసిందోనన్న అనుమానం మాత్రం ఇంకా తీరలేదు.