ఘాటు రాని మిరపకాయలు

మా తోటికోడలు పోయింది. మంగళవారం పొద్దున్న మరిది ఫోన్ చేసి, ఒక్క ముక్క చెప్పి ఏడ్చేశాడు. ఏడాదిగా జబ్బుతో ఉంది కాబట్టి అనుకోని వార్త కాదు. ఆ వారం చివర్లో ఇక్కడి పేపర్లో తన ఫొటోతో అరపేజీ వచ్చింది. ఐర్లండ్ గొప్ప మెజ్జో-సొప్రానో గాయనిని పోగొట్టుకుందట. చదువుతుంటే దుఃఖం వచ్చింది, దాని వెనకే కుళ్ళూ వచ్చింది. పోయాక కూడా దీనికే అరపేజీ!

దాచడమెందుకు? ఏళ్ళ తరబడి గురువుగారి ముందు కూర్చుని సంగీతం నేర్చుకున్నది నేను. పెళ్ళిచూపుల్లో పాడించింది నన్ను. ఆ పిల్ల డబ్లిన్‌కి చదువుకోవడానికి వచ్చి, సరదాకి కాలేజీ గాయకబృందంలో చేరింది. తనది బరువైన, కింది స్థాయి గొంతు. "ఆడపిల్లకి ఆ గొంతేమిటే" అని తన పెళ్ళిలో మా అత్తగారు నా చెవిలో అంటే లోలోపల మురిసిపోయాను. అలాంటి గొంతునే మెజ్జో అంటారనీ, ఆపెరా అనే పాటల నాటకాల్లో దానికి పీట వేసి కూర్చోబెడతారనీ మాకేం తెలుసు?

మెజ్జోలకి నాయిక వేషం అరుదు. మంత్రగత్తో, తల్లో, మగపిల్లాడో. పోనీలే అనుకున్నాను. తీరా చూస్తే సమీక్షకులు నాయికను ఒక్క వాక్యంతో సరిపెట్టి, మిగతాదంతా మా మంత్రగత్తె గురించే రాసేవారు. తన గొంతు చివరి వరుసదాకా నడిచి వచ్చిందని ఒకాయన రాశాడు. గొంతుకి కాళ్ళేమిటో! ఇంట్లో మా అమ్మాయిది ఒకటే మాట, "పిన్ని వాజ్ క్లాస్, మమ్" అని, అంటే అదరగొట్టిందని. శనివారాలు ఇక్కడి తెలుగు పిల్లలకి గీతాలు నేర్పే నన్ను ఒక్కరోజైనా ఆ మాట అనలేదు.

సమీక్షలు వచ్చిన రోజున తను బ్లాంచర్డ్స్‌టౌన్ నుంచి క్లోనీలోని మా ఇంటికి వచ్చేది. గొంతుకి మందంటూ నా చారు గ్లాసుతో తాగేది. తర్వాత వంటింట్లో తూర్పుకి తిరిగి కూర్చుని, దిష్టి తియ్యమనేది. ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టి మూడుసార్లు తిప్పేదాన్ని. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అని ఆపేస్తే, "నీ దిష్టి కూడా" అని గుర్తుచేసేది. ఆ మిరపకాయల్ని మూకుట్లో మాడ్చేవాళ్ళం. ఘాటొచ్చి దగ్గు పుడితే దిష్టి లేనట్టు, రాకపోతే గట్టిగా తగిలినట్టు కదా. మా ఇంట్లో దానికి సాక్షి స్మోక్ అలారం. తను ఓ మోస్తరుగా పాడినప్పుడు అది చెవులు పగిలేలా మోగేది, నేను తుండుగుడ్డ పుచ్చుకుని విసిరేదాన్ని. బాగా పాడినప్పుడు కిక్కురుమనేది కాదు.

నా కన్ను మంచిది కాదని తనకి తెలుసు. మరి నాతోనే ఎందుకు తీయించుకుంటావని ఒకసారి అడిగేశాను.

"మెచ్చుకోవడం మర్యాదకి కూడా మెచ్చుకుంటారక్కా. కుళ్ళు మర్యాదకి రాదుగా. నువ్వు మొహం మాడ్చుకున్నావంటే నేను బాగా పాడినట్టే."

నాకు ఒళ్ళు మండింది.

ఆఖరిసారి, మందులు వాడుతూనే, కొడుకుని పోగొట్టుకున్న తల్లి వేషం కట్టింది. నేను ముందు వరుసలో ఉన్నాను. అందరూ లేచి చప్పట్లు కొట్టారు, నేనూ లేచాను. సమీక్షలు వచ్చేసరికి తను ఆసుపత్రిలో ఉంది. అక్కడ మిరపకాయలు మాడ్చనిస్తారా? ఆ దిష్టి అలాగే ఉండిపోయింది. నా కన్నే తగిలిందేమోనన్న భయం అప్పటినుంచీ నన్ను తినేస్తోంది. జబ్బుకి డాక్టర్లు పేరు పెట్టారు, పిచ్చి మాటలు మానమని మా ఆయన కసిరారు. అయినా భయం పోలేదు.

పెద్దకర్మ అయిపోయాక, మర్నాడు మధ్యాహ్నం, పేపర్లో వచ్చిన ఫొటోని వంటింట్లో తను కూర్చునే కుర్చీకి ఆనించాను. పోయినవాళ్ళకి దిష్టి తీయకూడదంటారు. తీశాను. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, నా దిష్టి. నా దిష్టి అని ఈసారి ఎవరూ గుర్తుచేయక్కర్లేకపోయింది. మూకుడు కాలింది. మిరపకాయలు ఎర్రబడి, నల్లబడి, బొగ్గయ్యాయి. నేను తుండుగుడ్డ పట్టుకుని, తల పైకెత్తి, అలారం కింద నిలబడ్డాను. అది మోగలేదు.